సెన్సరీ లెవెల్ బొడ్డు దగ్గర, గడ్డ డి5 దగ్గర: వెన్నుపాము ఒత్తిడి కేసు ఒకటి

పేషెంట్ 58 ఏళ్ళ మహిళ. ఏడు నెలలుగా బాధపడుతున్నారు, నడక చెడుతూ వస్తోంది. వెంట తెచ్చుకున్న ఫైల్లో నడుము ఎమ్మారై ఉంది. ఎల్4-ఎల్5 మధ్య డిస్క్ కాస్త ఉబ్బిందని అందులో రాసి ఉంది. నర్వ్ కండక్షన్ పరీక్ష రిపోర్టు నార్మల్. ఆ డిస్క్‌నే కారణంగా తీసుకుని నాలుగు నెలలు ప్రీగాబాలిన్ (నరాల నొప్పి మందు), నడుముకి ట్రాక్షన్, వ్యాయామాలు ఇచ్చారు. నడక బాగుపడలేదు. చివరి నెలలో మూత్రం వస్తోందనిపించిన నిమిషంలోపే బాత్రూమ్ చేరాల్సిన పరిస్థితి వచ్చింది.

ఈ కేసులో వ్యాధి అరుదైనదేమీ కాదు. తీసిన ఎమ్మారై తప్పు చోట తీసింది. పరీక్ష దొరికిన చోట దొరికిన మార్పునే రోగంగా తీసుకోవడం వల్ల నాలుగు నెలలు పోయాయి. నాడీ వ్యవస్థలో ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ అవతలి వైపుకి దాటుతుందో లెక్క వేసుకుంటే, స్కాన్ లేకుండానే చోటు చెప్పొచ్చు. ఈ రాతలో ఎక్కువ భాగం ఆ లెక్కే.

పూసల పేర్లు, సెగ్మెంట్ల (వెన్నుపాములో ఒక్కో జత నరాలు బయల్దేరే ముక్కల) పేర్లు వార్డులో వాడే తీరులోనే రాస్తున్నాం: మెడవి సి, ఛాతీవి డి, నడుమువి ఎల్, త్రికానివి ఎస్. పేషెంట్‌ని గుర్తుపట్టే వివరాలేవీ ఇక్కడ లేవు.

లక్షణాలు వచ్చిన వరుస

ముందు వచ్చింది కాళ్ళ బలహీనత కాదు. రెక్కల మధ్య మొదలై కుడి రొమ్ము కింద చుట్టూ బెల్టు బిగించినట్టు పట్టేసే నొప్పి వచ్చింది. రాత్రి పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే తక్కువ. దగ్గినా తుమ్మినా ఆ బెల్టు దారి వెంటే చురుక్కుమనేది. గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకున్నారు. రెండు నెలల తర్వాత అది అలవాటైపోయింది. కాళ్ళ సంగతి ముందుకొచ్చేసరికి ఈ నొప్పి గురించి చెప్పడమే మానేశారు. మేము అడిగితేనే బయటికొచ్చింది.

తర్వాత కుడి కాలు బిగుసుకుంది. గడప దాటేటప్పుడు బొటనవేలు తగిలేది. కుడి చెప్పు జారిపోయేది. ఇక్కడ తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: చెప్పు జారింది మీకు తెలుస్తోందా, లేదా? తెలిసీ ఆపలేకపోతే పాదం కండరాల బలహీనత. తెలియకుండానే నాలుగడుగులు వేసి, వెనక్కి చూస్తే చెప్పు అక్కడుంటే, పాదం ఎక్కడుందో చెప్పే సమాచారం పైకి వెళ్ళడం లేదని అర్థం. ఈమెకి తెలిసేది కాదు.

మూడోది ఎడమ కాలిది. "కుడి కాలు నా మాట వినట్లేదండీ, ఎడమది బాగానే ఉంది" అన్నారు. స్నానం నీళ్ళు రెండు కాళ్ళ మీదా ఒకేలా వేడిగా ఉంటాయా అని అడిగితే కాసేపు ఆలోచించి, "ఎడమ కాలికి ఎప్పుడూ గోరువెచ్చగానే ఉంటాయి" అని చెప్పారు. ఎడమ మడమ పైన అణా బిళ్ళంత కాలిన మచ్చ ఉంది. ఎప్పుడు కాలిందో ఆమెకి గుర్తులేదు. ఆ మొద్దుబారినతనం పాదంలో మొదలై నాలుగు నెలల్లో మోకాలు, గజ్జ దాటి బొడ్డు దాకా పాకింది. కింది నుంచి పైకి ఎక్కిన ఈ వరుసను గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

జ్వరం, బరువు తగ్గడం, పాత క్యాన్సర్, దెబ్బ తగలడం ఏవీ లేవు. వెన్ను మీద తట్టినా నొప్పి లేదు.

పరీక్షలో కనిపించినవి

ముఖ నరాలన్నీ బాగున్నాయి, దవడ రిఫ్లెక్స్ మామూలుగానే ఉంది. చేతుల్లో బలం 5కి 5, బైసెప్స్, ట్రైసెప్స్ రిఫ్లెక్సులు సాధారణం.

కుడి కాలిలో తుంటి మడవడం 3, మోకాలు మడవడం 3, పాదం పైకెత్తడం 3. అదే కాల్లో మోకాలు చాచడం, పాదం కిందికి నొక్కడం 4. ఎడమ కాలు అన్నిటా 4కి కొంచెం పైన. మడిచే కండరాలు ఎక్కువగా, చాచే కండరాలు తక్కువగా దెబ్బతినడం పైనుంచి వచ్చే దారి తెగినప్పటి ముద్ర. కండరాల బిగువుకి వాడే సవరించిన యాష్‌వర్త్ కొలతలో కుడి 2, ఎడమ 1. మోకాలి, మడమ రిఫ్లెక్సులు రెండు వైపులా చురుగ్గా ఉన్నాయి. కుడి మడమలో క్లోనస్, అంటే పాదాన్ని పైకి నెట్టి పట్టుకుంటే లయగా వచ్చే అదురు, ఆగకుండా కొట్టింది. అరికాలు గీస్తే రెండు బొటనవేళ్ళూ పైకి లేచాయి. బాబిన్‌స్కీ 1896లో రాసిన ఈ గుర్తు స్కాన్లు ఇన్ని వచ్చాక కూడా విలువ తగ్గని పరీక్షల్లో ఒకటి.

పొట్ట చర్మం మీద గీసి చూసే రిఫ్లెక్సుల్లో కుడివైపు పైవీ కిందివీ రెండూ లేవు. ఎడమవైపు మందంగా ఉన్నాయి. లావుగా ఉన్నవాళ్ళలో, పొట్ట ఆపరేషన్లు అయినవాళ్ళలో, కాన్పులు ఎక్కువైనవాళ్ళలో ఇవి లేకపోయినా పట్టించుకోనక్కర్లేదు. ఈమెలో అవేవీ లేవు, పైగా రెండు వైపులకీ తేడా ఉంది. అందుకే లెక్కలోకి తీసుకున్నాం.

128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ కంపనం కుడి బొటనవేలు, చీలమండ, మోకాలు, తుంటి ఎముక అంచు దాకా తెలియలేదు. ఎడమవైపు వేలి దగ్గర మాత్రమే కాస్త తగ్గింది. కుడి బొటనవేలు పైకి కదిపామా కిందికా అని కళ్ళు మూయించి అడిగితే 10 సార్లలో 6 సార్లు తప్పు చెప్పారు. ఈ పరీక్షలో వేలిని రెండు పక్కల నుంచి పట్టుకోవాలి. పైనా కిందా పట్టుకుంటే మన వేలి ఒత్తిడే జవాబు చెప్పేస్తుంది.

సూది మొన కుడి కాలిలో బాగానే తెలిసింది. ఎడమవైపు పాదం నుంచి బొడ్డు దాకా మొద్దుగా ఉంది, కూర్చునే చోట కూడా. బొడ్డు చుట్టూ ఉండేది డి10 చర్మం. కుడివైపు ఛాతీ ఎముక కొస ఎత్తున, అంటే డి6-డి7 పట్టీలో, దూదితో తాకినా చిరాకు కలిగేది.

అల్ట్రాసౌండ్‌లో మూత్రం పోసిన తర్వాత సంచిలో 220 మి.లీ. మిగిలింది. 50 మి.లీ. లోపు ఉండాలి.

ముందు: ఇది కేంద్ర నాడీ వ్యవస్థదా, బయటి నరాలదా?

మెదడు, వెన్నుపాము కలిపి కేంద్ర నాడీ వ్యవస్థ. వాటి నుంచి బయటికొచ్చే 12 జతల కపాల నరాలు, 31 జతల వెన్ను నరాలు పరిధీయ నాడీ వ్యవస్థ. కండరానికి చివరి ఆజ్ఞ ఇచ్చే న్యూరాన్ (నాడీకణం) వెన్నుపాము ముందు కొమ్ములో ఉంటుంది. దాన్ని కింది మోటార్ న్యూరాన్ అంటాం. దానికి మెదడు పైపొర నుంచి ఆజ్ఞ తెచ్చేది పై మోటార్ న్యూరాన్.

మోకాలి మీద సుత్తితో కొడితే ఏం జరుగుతుందో చూడండి. తొడ ముందు కండరం ఒక్క క్షణం సాగుతుంది. లోపలి సాగుడు సెన్సర్ నుంచి సంకేతం మందపాటి నరపోగు మీద, సెకనుకి 70 నుంచి 120 మీటర్ల వేగంతో ఎల్3-ఎల్4 సెగ్మెంట్లకు చేరుతుంది. అక్కడ ఒకే ఒక్క సినాప్స్ (రెండు న్యూరాన్ల మధ్య సంధి) దాటి ముందు కొమ్ము న్యూరాన్‌ని కదిలిస్తుంది. కండరం ముడుచుకుని కాలు ఎగురుతుంది. ఈ వలయం పూర్తికావడానికి మెదడు అవసరం లేదు. మెదడు దాన్ని అదుపులో మాత్రం ఉంచుతుంది. ఆ అదుపు తెచ్చే దారి తెగితే వలయం రెచ్చిపోతుంది, రిఫ్లెక్స్ చురుకవుతుంది, కండరం బిగుసుకుంటుంది. వలయమే ఎక్కడో తెగితే రిఫ్లెక్స్ తగ్గుతుంది లేదా పోతుంది.

ఇక ఆ ఎల్4-ఎల్5 డిస్క్ సంగతి. పెద్దవాళ్ళలో వెన్నుపాము సాధారణంగా ఎల్1 పూస దగ్గర, కొందరిలో ఎల్2 దగ్గర ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి ఉన్నది నరాల కుచ్చు, కాడా ఈక్వినా. అంటే ఎల్4-ఎల్5 దగ్గర వెన్నుపాము లేనే లేదు. అక్కడ ఎంత పెద్ద డిస్క్ జారినా దెబ్బ తినేవి నరాల మూలాలే, అంటే వలయంలోని తీగలే. రిఫ్లెక్స్ తగ్గాలి, కాలు మెత్తబడాలి. ఆ డిస్క్ బొటనవేలిని పైకి లేపలేదు, క్లోనస్ తెప్పించలేదు. సుత్తి ఒక్కటి సరిగ్గా వాడి ఉంటే నడుము ఎమ్మారై రాసే అవసరమే ఉండేది కాదు. పైగా 58 ఏళ్ళ వయసులో లక్షణాల్లేని వాళ్ళకి స్కాన్ తీసినా డిస్క్ ఉబ్బు కనిపించడం చాలా మామూలు.

నర్వ్ కండక్షన్ నార్మల్ రావడం కూడా తప్పుదారి పట్టించింది. "నరాలు బాగున్నాయి" అని పేషెంట్‌కి చెప్పారు. నరాలు నిజంగానే బాగున్నాయి. స్పర్శ న్యూరాన్ల కణదేహాలు వెన్నుపాములో ఉండవు, బయట, నరం వెనుక మూలం మీద ఉండే డార్సల్ రూట్ గాంగ్లియాన్ అనే ముడిలో ఉంటాయి. వెన్నుపాము లోపల ఎంత దెబ్బ తగిలినా ఆ కణం, పాదం దాకా వెళ్ళే దాని పోగు చెక్కుచెదరవు. అందుకే పాదం మొద్దుబారిన మనిషికీ కాలి నరం మీద సంకేతం మామూలుగానే పరిగెడుతుంది. ఈ పరీక్ష వెన్నుపామును చూడదు. తిమ్మిరి ఉండి స్పర్శ నరాల కండక్షన్ పూర్తిగా నార్మల్‌గా ఉంటే, గాంగ్లియాన్‌కి లోపలివైపు చూడమని ఆ రిపోర్టే చెబుతోంది.

తర్వాత: ఏ పక్క?

కుడి కాలికి బలం లేదు, కంపనం తెలియదు. ఎడమ కాలికి వేడి, సూది మొన తెలియవు. రెండు వైపులా రెండు రకాల లోపం కనిపిస్తే రెండు రోగాలని అనిపిస్తుంది. ఒకే చోట దెబ్బ అని తేల్చేది దారులు దాటే ఎత్తు.

కదలిక ఆజ్ఞ తెచ్చే కార్టికోస్పైనల్ దారిలో 85 నుంచి 90 శాతం పోగులు మెడుల్లా (మెదడు వెన్నుపాముతో కలిసే కింది భాగం) అడుగునే అవతలి వైపుకి దాటేస్తాయి. కాబట్టి వెన్నుపాము కుడి భాగంలో దిగే పోగులు కుడి కాలివే. కంపనం, కీళ్ళ స్థితి మోసుకెళ్ళే వెనుక స్తంభాలు వచ్చిన వైపునే పైకి ఎక్కి, మెడుల్లా చేరాకే దాటుతాయి. అంటే వెన్నుపాము కుడి భాగంలో ఎక్కేవి కుడి కాలివే. నొప్పి, వేడి-చల్లదనం మోసే పోగులు మాత్రం లోపలికి రాగానే, ఒకటి రెండు సెగ్మెంట్ల ఎత్తులోపే అవతలికి దాటి స్పైనోథలామిక్ దారి పట్టుకుంటాయి. వెన్నుపాము కుడి అంచున ఎక్కేవి ఎడమ కాలివి.

మూడూ ఒకే చోట కలిసేది వెన్నుపాము కుడి సగం. 19వ శతాబ్దంలో బ్రౌన్-సెకార్ వివరించిన చిత్రం ఇదే. పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా ఇది కనిపించడం అరుదు. ఈమెలో కూడా ఎడమ కాలు కాస్త బలహీనపడింది, ఎడమ బొటనవేలు పైకి లేచింది. పక్కకి నెట్టబడిన వెన్నుపాము ఎదుటి గోడకి ఆనుకుని నలిగితే అవతలి సగం కూడా తగినంత దెబ్బ తింటుంది.

ఆ తర్వాత: ఎంత ఎత్తున?

చేతులు బాగున్నాయి కాబట్టి డి1 కింద. మెదడులో రెండు కాళ్ళ ప్రాంతాలూ నడినెత్తి దగ్గర మధ్యగోడకి అటూ ఇటూ పక్కపక్కనే ఉంటాయి. అక్కడి గడ్డ రెండు కాళ్ళనీ బిగించగలదు, మూత్రాన్నీ చెడగొట్టగలదు. కానీ మొండెం మీద గీత గీసినట్టు స్పర్శ ఆగిపోవడం, ఛాతీ చుట్టూ బెల్టు నొప్పి దానివల్ల రావు. బి12 లోపం ఆలోచించాం. అది రెండు వైపులా సమానంగా ఉంటుంది, నొప్పి-వేడి దారిని వదిలేస్తుంది. రక్తంలో బి12 మామూలుగానే ఉంది.

ఇక మిగిలింది ఛాతీ భాగం. ఇక్కడే ఎక్కువమంది జారిపోయేది. సూది బొడ్డు దగ్గర తెలియడం మొదలైంది, బొడ్డు అంటే డి10, కాబట్టి డి10 సెగ్మెంట్ దగ్గర స్కాన్ తియ్యి. ఇదీ అలవాటైన ఆలోచన. మన చేతిలో ఉన్న మిగతా సాక్ష్యాలు దీనికి ఒప్పుకోవు.

దెబ్బ డి10 దగ్గరైతే పొట్ట పై రిఫ్లెక్సులు ఉండాలి. వాటి సెగ్మెంట్లు డి8-డి9, అవి డి10కి పైనే. ఈమెలో కుడివైపు అవీ లేవు. దెబ్బ డి10 దగ్గరైతే పడుకున్న మనిషి తల ఎత్తినప్పుడు, పొట్ట కింది సగం బలహీనంగా, పై సగం గట్టిగా ఉండి బొడ్డు పైకి జరగాలి. బీవర్ గుర్తు అంటాం. ఈమెలో బొడ్డు కదల్లేదు. కుడివైపు బెల్టు నొప్పి, తాకితే చిరాకు, డి6-డి7 పట్టీలో ఉన్నాయి. మూడు సాక్ష్యాలు డి8కి పైన అంటుంటే, సూది ఒక్కటే డి10 అంటోంది.

తేడా ఎందుకు వచ్చిందంటే స్పైనోథలామిక్ దారిలో పోగులు పేర్చిన వరుస వల్ల. అడుగున మొదట చేరే త్రికం పోగులు బయటి అంచుకి నెట్టబడతాయి. ఆపైన చేరే నడుము, ఛాతీ, చేతి పోగులు వరుసగా లోపలివైపు సర్దుకుంటాయి. బయటి నుంచి నొక్కే గడ్డ ముందు తాకేది బయటి అంచుని, అంటే పాదం, పిరుదుల పోగులని. ఒత్తిడి పెరిగేకొద్దీ లోపలి వరుసలు నలుగుతాయి. అందుకే మొద్దుబారినతనం పాదంలో మొదలై నెలల తరబడి పైకి ఎక్కుతుంది. పరీక్ష రోజున సూది ఎక్కడ తెలిస్తే, ఒత్తిడి ఆ పొర దాకా వచ్చిందని మాత్రమే అర్థం. ఇంకో రెండు నెలలు ఆగితే అదే సూది డి7 దగ్గర ఆగేది, గడ్డ అంగుళం కూడా కదలకుండానే.

సెన్సరీ లెవెల్‌ని, అంటే సూది తెలియడం మొదలయ్యే ఎత్తుని, నేలగా చూడాలి. దెబ్బ అక్కడో, అక్కడికి పైనో ఉంటుంది. చోటు నిక్కచ్చిగా చెప్పేది నరం మూలం నొప్పి. ఎందుకంటే గడ్డ ఆనుకున్న మూలం ఆ ఎత్తున ఒక్కటే. ఏడు నెలల కిందట గ్యాస్ అనుకున్న ఆ బెల్టు నొప్పే ఈ కేసులో అసలు చిరునామా.

ఇదే వరుస గడ్డ లోపలిదా బయటిదా కూడా చెబుతుంది. వెన్నుపాము నడుమ నుంచి పెరిగే గడ్డ లోపలి పొరలను ముందు తింటుంది. కూర్చునే చోట స్పర్శ చివరిదాకా మిగిలిపోతుంది. ఈమెలో అక్కడ కూడా పోయింది. మూలం నొప్పితో మొదలైంది, మూత్రం ఆలస్యంగా చెడింది. కాబట్టి బయటి నుంచి నొక్కుతోంది.

మూత్రం గురించి

మూత్రసంచి 150 నుంచి 200 మి.లీ. నిండగానే మొదటి సూచన వస్తుంది. సంచిని ముడిపించే పారాసింపథెటిక్ నరాలు ఎస్2 నుంచి ఎస్4 దాకా ఉన్న సెగ్మెంట్లవి. సంచిని వదులుగా, సంచి మెడను బిగువుగా ఉంచే సింపథెటిక్ నరాలు డి11 నుంచి ఎల్2 ప్రాంతానివి. మన ఇష్టంతో బిగించే బయటి కండరం కూడా ఎస్2-ఎస్4 సోమాటిక్ నరం కిందే. సంచి ముడుచుకునేటప్పుడు మూత ఒకేసారి తెరుచుకునేలా కుదిర్చేది మెడుల్లాకి పైన ఉండే పాన్స్‌లోని కేంద్రం. ఇప్పుడా లేదా అని తేల్చేది మెదడు ముందు భాగం.

ఛాతీ ఎత్తున దారి నలిగితే ఎస్2-ఎస్4 వలయం తన ఇష్టం వచ్చినట్టు ఆడుతుంది. కొంచెం నిండగానే సంచి ముడుచుకుంటుంది, అందుకే ఆ తొందర. అదే సమయంలో మూత కూడా బిగుసుకుంటుంది, అందుకే 220 మి.లీ. మిగిలిపోయింది. తొందర ఒక్కటే చూసి, మిగులు కొలవకుండా సంచిని సడలించే మాత్ర ఇస్తే మూత్రం పూర్తిగా నిలిచిపోవచ్చు. ముందు మిగులు కొలవాలి.

ఎమ్మారై, ఆపరేషన్

మేము రాసింది ఛాతీ వెన్ను ఎమ్మారై, కాంట్రాస్ట్‌తో, వెన్నంతా పక్క నుంచి నిలువుగా చూపే ఒక సాజిటల్ వరుసతో. ఆ సాజిటల్ వరుస లేకపోతే పూసల లెక్క సరిగ్గా కుదరదు. స్కాన్‌కి ముందు నడుము నుంచి నీరు తీయకూడదు. పైన అడ్డం ఉన్నప్పుడు కింద ఒత్తిడి తగ్గిస్తే వెన్నుపాము అడ్డం వైపు జారి రాత్రికి రాత్రే కాళ్ళు పడిపోవచ్చు.

డి5 పూస ఎత్తున, డ్యూరా (వెన్నుపాము చుట్టూ ఉండే గట్టి పొర) లోపల, వెన్నుపాము బయట, కుడి పక్కన 18×13×12 మి.మీ. గడ్డ. టి1 రకం ఎమ్మారై చిత్రాల్లో వెన్నుపాముతో సమానమైన రంగు, కాంట్రాస్ట్‌తో అంతటా ఒకేలా వెలిగింది, డ్యూరా వెంట తోక ఉంది. వెన్నుపాము ఎడమ గోడకి నొక్కుకుని రిబ్బన్‌లా ఉంది. మెనింజియోమా, అంటే వెన్నుపాము చుట్టూ ఉండే పొరల నుంచి పెరిగే గడ్డ, అనుకున్నాం. ఇది నడివయసు దాటిన ఆడవాళ్ళలో, ఛాతీ భాగంలోనే ఎక్కువ.

డి5 పూస, డి7 సెగ్మెంట్: ఈ తేడా మామూలే. వెన్నుపాము పొడవు పెద్దవాళ్ళలో 42 నుంచి 45 సెం.మీ., వెన్నెముక అంతకంటే చాలా పొడుగు. అందుకే సెగ్మెంట్లు తమ పేరున్న పూసకంటే పైన ఉంటాయి. వార్డు లెక్క ఇది: డి1 నుంచి డి6 పూసల ముళ్ళకి 2 కలుపు, డి7 నుంచి డి9కి 3 కలుపు. డి10 పూస దగ్గరికొచ్చేసరికి ఎల్1-ఎల్2 సెగ్మెంట్లు ఉంటాయి.

ఛాతీ వెన్ను ఆపరేషన్‌లో భయపడాల్సింది తప్పు పూస తెరవడం. బయటి నుంచి చూస్తే ఛాతీ పూసలన్నీ ఒకేలా ఉంటాయి. బోర్లా పడుకోబెట్టాక త్రికం నుంచి పైకి ఒకసారి, మెడ రెండో పూస నుంచి కిందికి ఒకసారి, ఎక్స్‌రేలో లెక్కపెట్టి రెండూ కలిశాకే కత్తి పెట్టారు. మత్తు మందు ప్రోపోఫోల్, రక్తనాళం ద్వారా. ఆపరేషన్ సాగుతుండగా కదలిక ఆజ్ఞ కాళ్ళ దాకా చేరుతోందా అని మోటార్ సంకేతాలతో చూస్తుంటారు, వాయువు మత్తు వాటిని అణచేస్తుంది కాబట్టి అది వాడలేదు. కండరాలు సడలించే మందు గొట్టం వేసేటప్పుడు ఒక్కసారే.

డి4 నుంచి డి6 దాకా లామినెక్టమీ, అంటే పూసల వెనుక కప్పు ఎముక తీయడం. డ్యూరా తెరిచి, వెన్నుపామును పక్కన పట్టి ఉంచే డెంటేట్ లిగమెంట్ కోశారు. గడ్డను పెకలించకుండా ముందు అల్ట్రాసోనిక్ ఆస్పిరేటర్‌తో (ధ్వని తరంగాలతో పగలగొట్టి పీల్చే పరికరం) లోపల డొల్ల చేసి, గోడలను లోపలికి ముడుచుకునేలా చేసి తీశారు. వెన్నుపామును ఎడమవైపుకి ఒక్క మిల్లీమీటర్ కూడా అదనంగా నెట్టే వీలు లేదు. గడ్డ పై కొస తీసేటప్పుడు కుడి కాలి మోటార్ సంకేతం సగానికి పైగా పడిపోయింది. పని ఆపి, పనిముట్లు తీసేసి, గోరువెచ్చని సెలైన్ పోసి, సగటు రక్తపోటును 85కి పైకి తెచ్చారు. ఆరు నిమిషాల్లో సంకేతం తిరిగొచ్చింది. గడ్డ అంటుకున్న డ్యూరాను కాల్చారు, కత్తిరించలేదు. నీరు కారకుండా డ్యూరాను కుట్టారు.

పాథాలజీలో ఇసుకరేణువుల్లాంటి సున్నపు గుళికలున్న మెనింజియోమా, గ్రేడ్ 1.

తర్వాత

ప్రీగాబాలిన్ నెమ్మదిగా తగ్గించి ఆపేశాం. అది మత్తు, తూలుడు కలిగించి నడకను ఇంకాస్త చెడగొడుతోంది. బిగువు కోసం బాక్లోఫెన్ 5 మి.గ్రా. రోజుకి మూడుసార్లు మొదలుపెట్టి అక్కడే ఆపాం. ఈ బిగువు పూర్తిగా శత్రువు కాదు. బలహీనమైన కాలిని నిలబెట్టేది కొంతవరకు అదే. ఒకసారి 10 మి.గ్రా.కి పెంచితే నిలబడగానే మోకాలు మడిచిపోయింది, వెనక్కి తగ్గించాం.

కాథెటర్ నాలుగో రోజు తీశాం. ఆ రోజు మిగులు 120 మి.లీ., ఆరు వారాలకి 60. కాథెటర్ ఉన్నన్నాళ్ళూ నర్సులకి ఒక హెచ్చరిక రాసి ఉంచాం: హఠాత్తుగా తలనొప్పి, ముఖం ఎర్రబడి చెమట, రక్తపోటు ఎగబాకడం కనిపిస్తే ముందు కూర్చోబెట్టి గొట్టం మడతపడిందేమో చూడాలి. డి6, దానిపైన దెబ్బల్లో పొట్ట రక్తనాళాల సింపథెటిక్ నరాలు పై అదుపు లేకుండా రెచ్చిపోగలవు. ఈమెది సరిహద్దు ఎత్తు, పూర్తిగా తెగినది కాదు. ఆ అవసరం రాలేదు.

ఆరు నెలలకి కర్ర లేకుండా నడుస్తున్నారు. కుడి తుంటి బలం 3 నుంచి 4+ అయింది. కంపనం కుడి మోకాలి దాకా తిరిగొచ్చింది, బొటనవేలికి రాలేదు. ఎడమవైపు సూది లోపం బొడ్డు నుంచి మోకాలికి దిగింది. వచ్చినప్పుడు పాదం నుంచి పైకి ఎక్కింది, పోయేటప్పుడు పైనుంచి కిందికి దిగుతోంది. లోపలి పొరలు తక్కువ నలిగాయి కాబట్టి అవి ముందు కోలుకున్నాయి. కుడి బొటనవేలు ఇంకా పైకే లేస్తోంది.

కొన్ని వచ్చి కొన్ని రాకపోవడానికి కారణం ఏం పోయిందన్నది. ఒత్తిడికి పోగు చుట్టూ ఉన్న మైలిన్ తొడుగు మాత్రమే చెడితే అది వారాల్లో, నెలల్లో మళ్ళీ ఏర్పడుతుంది. పోగే తెగితే రాదు. కాలిలోని నరం తెగితే రోజుకి దాదాపు 1 మి.మీ. చొప్పున తిరిగి పెరుగుతుంది, అక్కడ తొడుగు వేసే ష్వాన్ కణాలు దారి చూపిస్తాయి. వెన్నుపాములో తొడుగు వేసేవి ఒలిగోడెండ్రోసైట్లు. వాటి మైలిన్‌లోని ప్రోటీన్లు, న్యూరాన్లకి ఆసరాగా ఉండే గ్లియా కణాల మచ్చ పెరుగుదలను అడ్డుకుంటాయి. నాలుగు నెలల ఆలస్యం ఖరీదు ఆ బొటనవేలి దగ్గర కనిపిస్తోంది.

ఏడాదికి తీసిన ఎమ్మారైలో గడ్డ మిగులు లేదు. డ్యూరాను కత్తిరించకుండా కాల్చి వదిలాం కాబట్టి మళ్ళీ రావచ్చు, స్కాన్లు కొనసాగుతాయి. ఎడమ పాదానికి వేడి ఇంకా సరిగ్గా తెలియడం లేదు. స్నానానికి ముందు నీళ్ళ వేడి చేత్తో చూసుకోవాలని, రోజూ రాత్రి ఎడమ అరికాలు అద్దంలో చూసుకోవాలని డిశ్చార్జ్ కాగితం మీద మందుల కంటే పైన రాసిచ్చాం.